గాయకునికి రెండు జన్మదినములు

ఏ మాసపు కార్యక్రమ పట్టికను తిరుగవేసినను అందులో ఒకరిద్దరు సంగీతవేత్తల జన్మదినములు కనబడుచునే యుండును. ఆనాడు వారి పాటలు నాలుగు వినిపించుట, పుట్టిన యూరిని, సంవత్సరమును చెప్పుట, నమస్కరించుట - ఇది రేడియోకు చిరకాలముగా ఉన్న ఆచారము. ఆచారము మంచిదే. కాని తేదీ చెప్పిన పిమ్మట శ్రోతకు మిగులున దేమి? నవంబరు 13వ తేదీని తీసికొందము. 1925లో ఆనాడు టంగుటూరి సూర్యకుమారి జన్మించిరి. సరిగా పదేండ్లకు, 1935లో, అదే తేదీన పి. సుశీల జన్మించిరి. ఈ రెండు తేదీలు కలిసినవని వినగానే మనకు చిన్న ఆశ్చర్యము కలుగును. అంతకు మించి ఆ కలయిక వారి సంగీతమును గూర్చి ఏమియు చెప్పదు. వారిని మనకు చేరువ చేసిన దినములు వేరే ఉన్నవి.

మా యభిప్రాయ మిది: జనరంజకమైన సంగీతమును పాడినవారికి జన్మదినములు రెండు. మొదటిది తల్లి కన్న దినము. రెండవది ఆ కంఠము శరీరమును విడిచి, ఒక యంత్రము మూలమున, తానెన్నడును చూడని మనుష్యుల యింట పలుకుటకు వీలైన దినము. మొదటిది లేనిదే రెండవది లేదన్నది నిజమే. అయినను మన మనస్సులలో వారు పుట్టినది రెండవ దినముననే. ఆ రెండవ జన్మదినముల కథను కొంత ముచ్చటింప దలచినాము.

నిజమునకు మొదటి జన్మదినము కూడ అనుకొన్నంత గట్టిది కాదు. అమెరికాలో జాజ్ సంగీతమునకు మూలపురుషులలో ఒకరైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తాము 1900 జూలై 4వ తేదీన పుట్టితిమని జీవితమంతయు చెప్పుకొనిరి. జూలై 4 ఆ దేశపు స్వాతంత్ర్య దినము. కొత్త శతాబ్దపు ఆరంభము, స్వాతంత్ర్య దినము రెండును కలిసివచ్చిన ఆ తేదీ ఎల్లరకును నచ్చినది. 1971లో ఆయన మరణించునాటికి కూడ లోకము దానినే నమ్మినది. మరి పదునైదేండ్లు గడచిన మీదట, ఆయన పుట్టిన న్యూ ఆర్లియన్స్ నగరములోని చర్చి పుస్తకములలో జ్ఞానస్నానపు పద్దు ఒకటి బయటపడినది. అందున్న తేదీ 1901 ఆగస్టు 4. బింగ్ క్రాస్బీ అను మరియొక ప్రసిద్ధ గాయకుడు 1903 మే 3న పుట్టినవారు. కాని పత్రికలు చాలకాలము 1904 అనియే ప్రకటించినవి. ఆయన సమాధి ఫలకము మీద నేటికిని 1904 అనియే యున్నది. తేదీ తప్పినంత మాత్రమున ఆర్మ్‌స్ట్రాంగ్ వాద్యములో ఒక స్వరము గాని, క్రాస్బీ పాటలో ఒక మాట గాని తరిగిపోలేదు.

మన పెద్దలు ఈ సంగతి ముందే గ్రహించిరేమో అనిపించును. త్యాగరాజస్వామి 1767 మే 4న జన్మించినట్లు చరిత్ర చెప్పుచున్నది. కాని తిరువయ్యారులో కావేరి యొడ్డున విద్వాంసులు గుమిగూడి పంచరత్న కీర్తనలను పాడునది ఆనాడు కాదు. 1847 జనవరిలో ఆయన సిద్ధిపొందిన తిథి, పుష్య బహుళ పంచమినాడు ఆరాధన జరుగును. జీవితము ముగిసిన పిమ్మటనే దాని ఫలము సంపూర్ణముగా మన చేతికి వచ్చునన్న భావము ఇందు కలదు. త్యాగరాజస్వామి కంఠమును విన్నవారు నేడు లేరు. ఐనను కీర్తన నిలిచినది. శిష్యుని నోట, ప్రశిష్యుని నోట, తాళపత్రముల మీద, తరువాత అచ్చు పుస్తకములలో అది నడచి వచ్చినది. రచన చేసిన వాగ్గేయకారునికి శిష్యపరంపరయే రెండవ జన్మము.

జనరంజక సంగీతపు సంగతి వేరు. అందు రచన సగము, కంఠము సగము. ఒక్కొక్కప్పుడు రచన పావు వంతే. అదే పాటను అదే స్వరములతో మరియొకరు పాడినచో అది వేరు పాటయే యగును. ఇట్టి కళ ఉన్నవారికి శిష్యులు చాలరు. వారి ధ్వనియే నిలువవలెను. నిలువకపోయినచో ఏమగునో తెలుపుటకు బడ్డీ బోల్డెన్ కథ ఒక్కటి చాలును.

బోల్డెన్ కూడ న్యూ ఆర్లియన్స్ నగరమువారే. 1877 సెప్టెంబరు 6న పుట్టిరి. కార్నెట్ అను ఊదుడు వాద్యమును వాయించెడివారు. జాజ్ అను పేరు ప్రచారములోనికి రాకముందే ఆ మార్గమును తెరచినవారు ఈయనయే యని తరువాతి వాద్యకారు లెందరో చెప్పిరి. రాత్రివేళ ఆయన ఊదినచో మైళ్ల దూరము వినబడెడిదని ఒకరి కొకరు కథలుగా చెప్పుకొనిరి. 1907లో మతి చలించి ఆయన ఆసుపత్రిలో చేరిరి. ఇరువదినాలుగేండ్లు అక్కడనే గడిపి 1931 నవంబరు 4న మరణించిరి. ఒక మైనపు గొట్టము మీద ఆయన వాద్యమును ఎవరో పట్టియుంచిరని ఒక వదంతి మాత్రము కలదు. ఎందరు వెదకినను అది దొరకలేదు. కనుక నేడు బోల్డెన్ జన్మదినము వచ్చినచో వినిపించుటకు ఏమియు లేదు. తేదీ ఉన్నది, పేరు ఉన్నది, ఒక పాత చిత్రములో ముఖము ఉన్నది. ధ్వని లేదు. ఆయనకు రెండవ జన్మము కలుగలేదు.

ఇందులో విధి చమత్కార మేమనగా, బోల్డెన్ పుట్టిన ఆ 1877లోనే థామస్ ఎడిసన్ తన ఫోనోగ్రాఫును నిర్మించిరి. గొట్టము చుట్టు తగరపు రేకును చుట్టి, దానిపై ముల్లుతో మానవ కంఠపు కదలికలను గీయించి, మరల ఆ గీత వెంట ముల్లును నడిపించి ఆ కంఠమునే వినిపించిన మొదటి యంత్ర మది. పది సంవత్సరములకు, 1887లో, ఎమిల్ బెర్లినర్ గొట్టమునకు బదులు బల్లపరుపుగా నుండు పళ్లెమును వాడు విధానమునకు హక్కుపత్రమును కోరిరి. మన యిండ్లలో పెద్దలు ప్లేటు అని పిలిచినది దీని సంతతియే. గొట్టముకంటె పళ్లెమున కొక గొప్ప సౌలభ్యము కలదు. ఒక అచ్చునుండి పళ్లెములను వేలకొలది ఒత్తి తీయవచ్చును. జనరంజక సంగీతము జనుల యింటికి పోవుటకు దారి ఇట్లేర్పడినది.

ఇప్పుడు 1873వ సంవత్సరమున పుట్టిన ముగ్గురిని చూడుడు. జనవరి 1న అమెరికాలోని వాషింగ్టన్ నగరములో ఫ్రెడ్ గెయిస్‌బర్గ్ పుట్టిరి. ఫిబ్రవరి 25న ఇటలీలోని నేపుల్స్ నగరములో ఎన్రికో కరూసో పుట్టిరి. జూన్ 26న మన దేశములోని ఆజంగఢ్‌లో ఆర్మీనియా సంతతికి చెందిన తండ్రికి ఒక బాలిక పుట్టినది. ఆమెకు పెట్టిన పేరు ఏంజెలీనా. లోకము ఎరిగిన పేరు గౌహర్ జాన్. మూడు ఖండములలో పుట్టిన ఈ ముగ్గురికి జన్మసంవత్సరము కలియుట కేవలము కాకతాళీయము. 1902లో వీరి జీవితములు కలియుట మాత్రము కాకతాళీయము కాదు.

గెయిస్‌బర్గ్ యౌవనములో బెర్లినర్ వద్ద పనిచేసి, 1898లో లండను చేరి, గ్రామఫోను కంపెనీకి పాటలను పట్టువాడుగా కుదిరిరి. 1902 ఏప్రిల్ 11న మిలాన్ నగరములోని ఒక హోటలు గదిలో తన పరికరములను అమర్చి, ఇరువదితొమ్మిదేండ్ల కరూసోచే ఒక్క పూటలో పది పాటలు పాడించిరి. ప్రతిఫలము నూరు పౌనులు. ఇంత సొమ్ము ఇయ్యవద్దని పైవారు తంతి పంపినను తాను లెక్కచేయలేదని గెయిస్‌బర్గ్ తరువాత తన స్మృతులలో వ్రాసికొనిరి. ఆ పది పాటలు కరూసోకు ప్రపంచఖ్యాతిని, ఆటవస్తువని తలపబడిన గ్రామఫోనుకు పెద్దరికమును తెచ్చినవి.

ఆ సంవత్సరమే సెప్టెంబరులో గెయిస్‌బర్గ్ తూర్పు దేశములకు ఓడ యెక్కిరి. కలకత్తా చేరి, నవంబరులో గౌహర్ జాన్ పాటను పట్టిరి. ఆనాటి పద్ధతిని మనము ఊహించుకొనవలెను. విద్యుత్తు లేదు, మైక్రోఫోను లేదు. గోడనుండి పొడుచుకొని వచ్చిన ఒక పెద్ద బాకా ఉండును. గాయని దాని మూతిలోనికి తలవంచి గట్టిగా పాడవలెను. బాకా సన్నని చివర ఒక పలుచని పొర, దానికి ముల్లు, ముల్లు క్రింద తిరుగుచున్న మైనపు పళ్లెము. కంఠపు బలమే ముల్లును కదిలించి గాడిని గీయవలెను. పళ్లెపు ఒక ప్రక్కన పట్టునది మూడు నిమిషముల పాట. ఒక రాగమును గంటసేపు విస్తరించు సంప్రదాయములో పెరిగిన విదుషీమణి, ఆలాపనను, పల్లవిని, తానములను ఆ మూడు నిమిషములలో ఇమిడ్చి, ముగింపునకు కొన్ని క్షణములు మిగుల్చుకొని, తన పేరు గౌహర్ జాన్ అని ఇంగ్లీషులో ప్రకటించుచుండెడిది.

ఈ ప్రకటన అహంకారము కాదు, అవసరము. ఆ మైనపు పళ్లెములు ఓడలో జర్మనీలోని హానోవర్ నగరమునకు పోయి, అక్కడి కార్ఖానాలో ప్లేట్లుగా ఒత్తబడి మరల మన దేశమునకు వచ్చెడివి. కలకత్తాలోనే కార్ఖానా ఏర్పడినది 1908లో. అంతవరకును, మన భాష గాని, మన గాయకుల ముఖములు గాని ఎరుగని ఆ పనివారికి ఏ పళ్లెము ఎవరిదో తెలియవలెనుగదా! అందుకై గాయని తన పేరును తానే చెప్పుకొనవలసి వచ్చినది. 1930 జనవరిలో మైసూరులో మరణించువరకు ఆమె పది భాషలకు పైగా పాటలను రికార్డులకు ఇచ్చిరి. నేడు మనము ఆమె పాట వినునపుడు చివర వినబడు ఆ కొన్ని మాటలు, ఒక వ్యక్తి తన రెండవ జన్మమును తానే లోకమునకు చాటుకొనుచున్నట్లు తోచును.

మూడు నిమిషముల నిర్బంధము సంగీతపు రూపమునే మార్చినది. మన నాటక పద్యమునే చూడుడు. రంగస్థలము మీద నటుడు ఒక్క పాదమును పట్టుకొని రాగమును సాగదీయుచుండగా జనము వన్స్‌మోర్ అని కేకలు వేయుచు పద్యమును మరల మరల పాడించుకొనెడివారు. ప్లేటు మీద వన్స్‌మోర్ లేదు. ఎక్కడ ఆగవలెనో, ఏ సంగతిని విడువవలెనో ముందే తేల్చుకొనవలెను. పాట యనగా మూడు, నాలుగు నిమిషములుండునదియే యన్న అలవాటు మనకు అట్లు పడినది. 1948లో ఒక ప్రక్క ఇరువది నిమిషములకు పైగా పలుకు లాంగ్ ప్లే రికార్డు వచ్చిన పిమ్మట కూడ సినిమా పాట ఆ కొలతను విడువలేదు.

బాకా ముందు పాడుట ఎంత చిక్కైన పనియో ఆర్మ్‌స్ట్రాంగ్ అనుభవము తెలుపును. 1923 ఏప్రిల్‌లో ఆయన తన గురువు కింగ్ ఆలివర్ మేళముతో కలిసి ఇండియానా రాష్ట్రములోని రిచ్మండ్ అను ఊరికి పోయి మొదటిసారి రికార్డు ఇచ్చిరి. ఆ గది రైలుపట్టాల ప్రక్కన ఉండెడిది. బండి పోవునప్పుడెల్ల పని ఆపవలసి వచ్చెడిది. మేళమువారందరు బాకా ఎదుట నిలిచినపుడు శిష్యుని వాద్యము గురువు వాద్యమును మ్రింగివేయుచున్నదట. అందుచే ఆయనను అందరికి వెనుకగా, అడుగుల దూరమున ఒంటరిగా నిలిపిరని ఆ మేళములో పియానో వాయించిన, తరువాత ఆయన భార్యయైన లిల్ హార్డిన్ చెప్పిరి. ఇరువదియొకటవ యేట దూరముగా నిలుపబడిన ఆ యువకుడే రెండు మూడేండ్లలో ఆ సంగీతమునకంతకు ముందు నిలిచెను. ఆయన జన్మదినము జూలైయా, ఆగస్టా అను వాదముకంటె ఈ ఏప్రిల్ దినమును గుర్తుంచుకొనుట మేలని మా మనవి.

1925లో బాకా పోయి మైక్రోఫోను వచ్చినది. ఇది జనరంజక సంగీత చరిత్రలో అతి పెద్ద మలుపు. అంతవరకు గట్టి గొంతుకయే గొంతుక. మైక్రోఫోను వచ్చిన పిమ్మట చెవిలో రహస్యము చెప్పినట్లు మెల్లగా పాడువారికిని చోటు దొరకినది. క్రాస్బీ గొప్పతన మంతయు ఇందే కలదు. ఆయన సభను ఉద్దేశించి పాడలేదు. గదిలో కూర్చున్న ఒక్క మనిషితో మాటలాడినట్లు పాడిరి. మన లలిత సంగీతమును, భావగీతమును ఈ దృష్టితో చూచినచో వాని జన్మరహస్యము తెలియును. మైకు లేనిచో ఆ మెత్తని పలుకుబడి, ఊపిరి వినబడునంతటి సామీప్యము మనకు లభించియుండెడివి కావు.

క్రాస్బీ పేరుతో మరియొక తేదీ ముడిపడియున్నది. ఆ రోజులలో అమెరికా రేడియోలో కార్యక్రమములను అప్పటికప్పుడు పాడి ప్రసారము చేయవలసి యుండెడిది. తూర్పు తీరమునకు ఒకసారి, గడియారము వెనుకబడియుండు పడమటి తీరమునకు మరల ఒకసారి. దీనితో విసిగిన క్రాస్బీ, యుద్ధానంతరము జాక్ మల్లిన్ అను ఇంజనీరు జర్మనీనుండి తెచ్చిన టేపు యంత్రములను ఆశ్రయించిరి. 1947 అక్టోబరు 1న ఆయన కార్యక్రమము టేపునుండి ప్రసారమైనది. పాటను కత్తిరించి అతికించుటకును, దాచియుంచుటకును, తప్పు దిద్దుటకును వీలు కలిగినది. తరువాతి రేడియో అంతయు ఆ టేపు మీదనే నడచినది.

అదే 1947లో మనకు మరువరాని తేదీ ఒకటి కలదు. ఆగస్టు 15, స్వాతంత్ర్యోదయవేళ, మద్రాసు రేడియో కేంద్రమునుండి బాలాంత్రపు రజనీకాంతరావు రచించి స్వరపరచిన దేశభక్తి గీతమును సూర్యకుమారి పాడిరి. ఆనాటికి ఆమెకు ఇరువదిరెండేండ్లు నిండలేదు. సినిమా లేదు, సభ లేదు. రేడియో పెట్టె చుట్టు మూగిన జనము, గాలిలో వచ్చిన ఒక కంఠము. నవంబరు 13న సూర్యకుమారిని స్మరించునపుడు ఈ ఆగస్టు రాత్రిని కూడ కలిపి చెప్పనిచో ఆ స్మరణ కొరతపడును.

శ్రోతల పాలు కూడ ఈ చరిత్రలో స్వల్పము కాదు. 1949లో మహల్ అను హిందీ చిత్రము వచ్చినది. దాని పాట రేడియోలో మారుమ్రోగినది. కాని ప్లేటు మీద గాయని పేరు లేదు. చిత్రములోని పాత్ర పేరు కామిని యనియే అచ్చువేసియుండిరి. పాడిన దెవరని శ్రోతలు రేడియో వారికి ఉత్తరముల మీద ఉత్తరములు వ్రాసిరి. కంపెనీ వారి నడిగి తెలిసికొని లతా మంగేష్కర్ పేరును రేడియో ప్రకటించినదని ప్రసిద్ధము. 1902లో గాయని తన పేరును తానే చెప్పుకొనెను. 1949లో గాయని పేరును శ్రోతలు అడిగి చెప్పించుకొనిరి. 1952లో బి.వి. కేస్కర్ మంత్రిగా వచ్చిన పిదప ఆకాశవాణినుండి సినిమా పాటలు తగ్గి, దాదాపు మాయమైనపుడు కూడ శ్రోతలే తీర్పు చెప్పిరి. వారు ముల్లును రేడియో సిలోన్ వైపు త్రిప్పిరి. 1957 అక్టోబరు 3న వివిధ భారతి వెలసినది ఆ తీర్పునకు సమాధానముగానే.

ఇంతకును మేము చెప్పదలచిన దేమి? రెండవ జన్మము శాశ్వతమని భ్రమపడరాదు. లక్కతో చేసిన ప్లేటు చేయిజారినచో ముక్కలగును. ముల్లు అరిగినచో గాడి అరుగును. పాత టేపులను తుడిచి వాని మీదనే కొత్తవి పట్టుట అనేక దేశముల ప్రసార సంస్థలలో జరిగినదే. బోల్డెన్‌కు యంత్రము దక్కలేదు. యంత్రము దక్కియు మన అశ్రద్ధచే మరల మరణించిన కంఠములు ఎన్నియో! కావున ఎవరి యటుకు మీదనైన పాత ప్లేట్ల కట్ట ఉన్నచో, దానిని పాతసామానుల వానికి తూచి ఇచ్చుటకు ముందు ఒక్కసారి పేర్లు చదువుడు. పాడినవారి పేరు, పాట పేరు, ప్లేటు సంఖ్య ఒక కాగితము మీద వ్రాసియుంచుడు. జన్మదినమునాడు దండ వేయుటకంటె ఇది గొప్ప పూజ.

తెలుగువారికి డిసెంబరు 4వ తేదీ ఘంటసాల వెంకటేశ్వరరావు జన్మదినము. 1922లో కృష్ణాజిల్లా చౌటపల్లిలో పుట్టి, విజయనగరము సంగీత కళాశాలలో వారాలు చేసికొని చదివి, 1942 ఉద్యమములో జైలుకు పోయివచ్చి, ఆ పైన మద్రాసు చేరినవారు. 1974 ఫిబ్రవరి 11న ఆయన పరమపదించిరి. ఆయన చివరి దినములలో పాడిన భగవద్గీత రికార్డులు ఆ మరణానంతరమే వెలువడినవి. నేడు తెలుగు గ్రామములలో ఎవరి యింట దీపమారినను వాకిట వినబడునది ఆ కంఠమే. తెల్లవారుజామున గుడిలో వినబడునదియు ఆ కంఠమే. ఆ స్వరము వినునపుడు అది పుట్టినరోజా, పోయినరోజా అని ఎవరును అడుగరు. రెండవ జన్మమునకు అర్థ మదియే.